లోపలి గడియ

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి సొంతింట్లో కాళ్లు బారజాపుకుని అని ఉంటాడు. అద్దె కొంపకోసం వీధులు కొలిచినవాడైతే ఆ రెండిటికన్నా ముందు దాన్నే చెప్పేవాడు.

తాళాలాయన వీధులు కొలవబట్టి పది రోజులు దాటింది. ఉంటున్న ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాడు దాన్ని పడగొట్టి దుకాణాలు కడతాడట, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. తాళాలాయనవి గొంతెమ్మ కోరికలేమీ కావు. రెండు గదులు, ఓ వంటిల్లు, కుళాయి తిప్పితే నీళ్లు. అద్దె అతని సంపాదనంతా మింగెయ్యకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇల్లు నేల మీద ఉండాలి. వాళ్లమ్మకి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. "మేడ ఎక్కించారంటే మళ్లీ దిగను. ఇక నలుగురు మోసి దించాల్సిందే" అని ఆవిడ ముందే తేల్చి చెప్పేసింది.

ఆ చిన్న ఊళ్లో నేల మీద ఇళ్లన్నీ షట్టర్లయిపోయాయి. మిగిలిన కాసిని ఇళ్ల యజమానులు రాజ్యాలేలుతున్నట్టు మాట్లాడతారు. ఆ పూట అతను పెళ్లాన్ని వెంటబెట్టుకుని వెళ్లిన ఇల్లావిడ గుమ్మంలోనే నిలబడి శాసనాలు చదివింది. గోడకి మేకు కొట్టకూడదు. కుళాయి తిప్పి వదిలెయ్యకూడదు. చుట్టాలు వస్తే చీకటి పడేలోగా వెళ్లిపోవాలి.

"మరి గడియారం ఎక్కడ తగిలించుకోమంటారు?" అంది తాళాలాయన భార్య.

"ఫోన్లో టైము కనబడదా అమ్మా మీకు?"

అద్దె మాత్రం అందుబాటులో ఉంది. వెనకవైపు చిన్న అరుగుంది, ముసలావిడ కూచోవడానికి. తాళాలాయన అన్నిటికీ తలూపాడు. అంతా కుదిరిపోతుందనుకునే వేళకి ఇల్లావిడ అడిగింది, ఏం పని చేస్తారని.

"తాళాలు బాగుచేస్తానండీ."

ఆవిడ మొహం మారింది. "అంటే, ఏ తాళమైనా తెరిచేస్తారా?"

"తెరుస్తానండీ."

అక్కడితో అయిపోయింది. నవ్వొచ్చే సంగతేమిటంటే, పోయిన వానాకాలం ఇదే ఇల్లావిడ పొయ్యి మీద పాలు పెట్టి, తలుపు దానంతటది మూసుకుని తాళం పడిపోతే ఇదే మెట్టు మీద కూలబడి ఏడ్చింది. పిలిచిన ఐదు నిమిషాల్లో వచ్చి తెరిచిపెట్టింది, ఇప్పుడావిడ మొహం గుర్తుపట్టని ఈ తాళాలాయనే. అప్పుడు ఆవిడ దేవుడిలా వచ్చావన్నది. దేవుడికి గుడి ఇస్తారు గాని వాటా ఇవ్వరు కదా.

"మీరు మంచివారేలెండి. మా వారు ఒప్పుకోరు" అంది ఆవిడ. వాళ్ల వారు వెనక వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఆయన ఒప్పుకోనిది ఆ ఇంట్లో పేపరు ఆలస్యంగా రావడం ఒక్కటే.

ఇలా ఇది నాలుగో ఇల్లు. ఊళ్లో సగంమంది తలుపులు అతను తీసిపెట్టినవే. తాళంచెవి పోతే నెత్తిన పెట్టుకుంటారు, ఇల్లడిగితే దొంగని చూసినట్టు చూస్తారు.

"హార్డువేరు షాపులో పని అని చెప్పకూడదూ?" అంది భార్య తిరిగొస్తూ.

"చేసే పని చెప్పుకోడానికి నాకేం సిగ్గు?"

"సిగ్గెందుకండీ, మహారాజులా చెప్పుకోండి. మీ అమ్మగారికి ఏ చెట్టు కింద మంచం వెయ్యాలో అది కూడా చెప్పండి."

తాళాలాయన నడక వేగం పెంచాడు. అతనికి ఇల్లుగలవాళ్లంటే అసహ్యం. అద్దెకుండేవాళ్లంటే ఇంకా అసహ్యం, తాళాలు పోగొట్టుకునేదీ తలుపులు విరగ్గొట్టేదీ వాళ్లేనని. తను ఆ రెండో జట్టులో వాడేనన్న సంగతి అతనికెప్పుడూ గుర్తుండేది కాదు.

*

మర్నాడు పొద్దున్నే టేకు తలుపాయన కబురు పెట్టాడు.

ఆయనకి మూడంతస్తుల మేడ ఉంది. నడిమి అంతస్తులో ఆయనా భార్యా ఉంటారు. పై అంతస్తు ఎప్పుడో వచ్చే చుట్టాలకోసం సోఫాలతో, ప్లాస్టిక్ కాగితాలు కప్పిన పరుపులతో తాళం వేసి ఉంటుంది. ఆ అంతస్తుకి ఆయన చెక్కించి పెట్టించిన టేకు తలుపు గురించి ఊళ్లో వినని మనిషి లేడు. వంటింటి గిన్నెలు అమ్ముకోవడానికొచ్చిన మనిషిని కూడా పైకి తీసుకెళ్లి దాన్ని నిమిరి చూపిస్తాడు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి తలుపుకి మాత్రం నెలనెలా నూనె పెడతాడు.

పని కింది వాటాలో. "దీని తాళం మార్చాలయ్యా" అన్నాడు.

"ఇల్లు మీదేనా అండీ?" అని తాళాలాయన అడిగాడు. అది అతని వృత్తి నియమం. ఇల్లు మీదేనా అని అడుగుతాడు. లోపల ఎవరున్నారని అడగడు. తాళంచెవులు కోసేవాడికి అంతకన్నా ఎక్కువ తెలిస్తే చెయ్యి వణుకుతుందని పని నేర్పిన మేనమామ చెప్పాడు.

"కాకపోతే ఎవరిదంటావు?" అన్నాడు టేకు తలుపాయన.

వాటా ఖాళీగా ఉంది. అయితే ఆ ఖాళీ మనిషి సర్దుకుని వెళ్లిన ఖాళీలా లేదు. మేడ మెట్ల కింద మూటలు పడేసి ఉన్నాయి. దుప్పటి కప్పిన కుట్టుమిషను, దాని మీద గిన్నెల గంప, గంపలో అద్దం. గదిలో కిటికీ దగ్గర నేల మీద నాలుగు తుప్పు మరకలు, మిషను కాళ్లు ఏళ్ల తరబడి ఉన్నచోట. తాళాలాయన ఇవన్నీ చూశాడు. చూసి, పెట్టె తెరిచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

"కొత్తది వెయ్యమంటారా?"

"కొత్తదెందుకు? పైవాటాకీ దీనికీ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నాను. దాని లోపలి ముక్క దీనికి పెట్టు, దీనిది దానికి పెట్టు. రెండూ మారినట్టే కదా."

చెయ్యొచ్చు. తాళమంతా ఊడదియ్యనక్కర్లేదు. తలుపు అంచున పొడుగాటి స్క్రూ ఒకటి తీసి, చెవి సగం తిప్పి పట్టుకుంటే, చెవి దూరే ఇత్తడి ముక్క చేతిలోకి జారి వస్తుంది. రెండు తలుపుల మధ్య రెండు ముక్కలు మార్చడం పావుగంట పని. తాళాలాయన మెట్లెక్కి టేకు తలుపుది తీశాడు. లోపలివైపు మోచేయంత ఇత్తడి గడియ ఉంది. దాని గురించి కూడా టేకు తలుపాయన కాసేపు ఉపన్యసించాడు.

"ఒక్క సంగతండీ. కింద ఉన్నవాళ్ల దగ్గరున్న చెవి ఇకనుంచి ఈ తలుపుకి తిరుగుతుంది" అన్నాడు తాళాలాయన.

"తిరిగితే? ఆవిడకెవరు చెబుతారు? నువ్వు చెబుతావా?" టేకు తలుపాయన నవ్వాడు. తాళాలాయన కూడా నవ్వాడు. యజమాని నవ్వితే తనూ నవ్వాలి, అది కూలిలో భాగం.

ఆయనే మిగతాది చెప్పాడు, అడక్కుండానే. బట్టలు సరిచేసే ఆవిడట, ఒంటరిది, ఎనిమిదేళ్ల నుంచి ఉంటోందట. అద్దె సరిగ్గానే ఇస్తుంది. అక్కకి ఆపరేషనని ఊరెళ్లింది. "ఎక్కువ కాలం ఉంచకూడదయ్యా ఎవర్నీ. బండకి పాచి పట్టినట్టు పట్టేస్తారు. పోయిన నెల ఏమందో తెలుసా? ఈ గోడకి సున్నం వెయ్యరా, నా ఇల్లు ఇలా ఉంటే ఎట్లా, అంది. నా ఇల్లట." ఆయన ఆ మాట రెండుసార్లు అన్నాడు. ఎవరో జేబులో చెయ్యి పెట్టినట్టు బాధపడ్డాడు.

పని అయ్యాక తాళాలాయన నోరు జారాడు, తనూ ఇల్లు వెతుకుతున్నానని. టేకు తలుపాయన అతన్ని కింద నుంచి పైదాకా చూశాడు.

"ఇందులో దిగు. ఆవిడిచ్చిందే ఇవ్వు, ఎక్కువడగను. నాకు ఆ వెనక వీధిలో కూడా నాలుగు వాటాలున్నాయి. అప్పుడప్పుడూ ఇలా తాళాలు మార్చాల్సొస్తుంది. ఇంట్లో మనిషివి, నువ్వే చూసుకుంటావు. డబ్బు ఊసొద్దు."

తాళాలు తెరుస్తాడని ఇల్లివ్వనివాళ్లని చూశాడు. తాళాలు మారుస్తాడని ఇల్లిచ్చేవాడు ఇప్పుడు దొరికాడు. మెట్ల కింద ఉన్న అద్దంలో అతని మోకాళ్లు కనిపిస్తున్నాయి. అతను వాళ్లమ్మ మోకాళ్లని తలుచుకున్నాడు. ఏ పాడు పనికైనా తలుచుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరి మోకాళ్లు ఉంటాయి.

"రేపే వచ్చేస్తామండీ" అన్నాడు.

*

సామాను ఒక్క బండిలో వచ్చింది. ముసలావిడ ఒక్క మెట్టూ ఎక్కకుండా గుమ్మం దాటి, మంచం మీద కూచుని, కాళ్లు నొక్కుకుంటూ, "హమ్మయ్య, నా కొడుకు సాధించాడు" అంది. తాళాలాయన పెళ్లాం వైపు చూశాడు. ఆ మాట ఆవిడ కూడా అంటుందేమోనని.

ఆవిడ గది ఊడుస్తోంది. చీపురుకి దారపు పోగులు చుట్టుకున్నాయి. ఎరుపూ నీలం నలుపూ. విడదీసి చేతిలోకి తీసుకుని చూసింది.

"మెట్ల కింద మిషను ఎవరిదండీ?"

"ఇంతకుముందు ఉన్నావిడది. ఊరెళ్లింది. వచ్చి తీసుకుపోతుంది."

"వచ్చి తీసుకుపోతుందా, వచ్చాక చూసి తెలుసుకుంటుందా?"

"నన్నడిగితే నాకేం తెలుసు. నేను తాళాలవాణ్ణి."

"అవును, మీకేం తెలుస్తుంది" అంది ఆవిడ. మూటలు అన్నీ విప్పలేదు. వంటకి కావలసినవి మాత్రం తీసింది. గడియారం గోడకి ఆనించి నేల మీదే పెట్టింది.

మర్నాడు భోజనాలయ్యాక మేడంతా నిద్రపోతోంది. నడిమి అంతస్తులో టేకు తలుపాయన గురక, మెట్ల మీదుగా కిందకి వినబడుతోంది. తాళాలాయన మూసిన తలుపు పక్కన లోపల కూచుని, ఆకురాయితో తాళంచెవికి పళ్లు దిద్దుకుంటున్నాడు. బయట చెప్పుల చప్పుడు ఆగింది. ఎవరో తాళంలో చెవి పెట్టారు.

ఆ చప్పుడు అతనికి తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలీదు. చెవి నిండా దూరింది. తిరగలేదు. బయటికి తీసి, పైటకి తుడిచినట్టున్నారు, మళ్లీ పెట్టారు. మళ్లీ తిరగలేదు. మూడోసారి మెల్లిగా, బతిమాలుతున్నట్టు తిప్పారు. సరైన చెవి కాదని తెలిసినవాళ్లు అలా తిప్పరు. రోజూ తెరుచుకునే తలుపుకే అలా తిప్పుతారు. తాళాలాయన చేతిలో ఆకురాయి అలాగే ఉండిపోయింది.

లేచి తలుపు తీసింది అతని భార్య.

చేతిలో సంచితో యాభై ఏళ్లావిడ నిలబడి ఉంది. జాకెట్టు భుజానికి రెండు గుండుసూదులు గుచ్చుకుని ఉన్నాయి. లోపలికి చూసింది. తన కిటికీ దగ్గర మంచం, మంచం మీద ముసలావిడ, కింద గడియారం. తర్వాత వెనక్కి తిరిగి మెట్ల కింద చూసింది. చాలాసేపు చూసింది. అరవలేదు.

"నెలాఖరుదాకా అద్దె కట్టాను నేను" అంది.

ఆవిడ చూపు గుమ్మం పక్కనున్న పనిపెట్టె మీద పడింది. పెట్టె మీద ఎర్ర రంగుతో తాళంచెవి బొమ్మ వేసి ఉంది, గిరాకీ కోసం అతనే వేసుకున్నది.

"తాళం నువ్వే మార్చావా?"

"ఇల్లుగలాయన మార్చమన్నారమ్మా. మేం పనివాళ్లం."

"నేనూ పనిదాన్నే. ఎవరిదో జేబు తెచ్చి కోసెయ్యమంటే, జేబెవరిదని అడుగుతాను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తాళాలాయన అక్కర్లేని సంజాయిషీలన్నీ మొదలుపెట్టాడు. తల్లి మోకాళ్లు, నెలాఖరు గడువు, నాలుగిళ్లవాళ్లు పొమ్మనడం. ఆవిడ విన్లేదు. మెట్ల కింద వంగి మిషను మీది గంప దించుతోంది. అద్దానికి ఓ మూల పగులు వచ్చింది. దాన్ని వేలితో తడిమి పక్కన పెట్టింది.

ముసలావిడ మంచం మీంచి అడిగింది. "ఒరేయ్, ఇది ఆవిడ ఇల్లట్రా?"

అప్పుడే నడిమి అంతస్తులోంచి గురక ఇంకాస్త గట్టిగా వినిపించింది. ఎందుకో అతనికి ఆ గురక మీద ఒళ్లు మండిపోయింది. ఆవిడకెవరు చెబుతారు, నువ్వు చెబుతావా అన్న నవ్వు గుర్తొచ్చింది. తను కలిపిన వెధవ నవ్వు కూడా.

"ఆ చెవి పారెయ్యకమ్మా" అన్నాడు. "అది పై అంతస్తు తలుపుకి తిరుగుతుంది."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఇందులో ఇంకేం మోసముందోనన్నట్టు.

"సోఫాలున్నాయి, పరుపులున్నాయి. ఎవరూ ఉండరు. లోపల గడియ ఉంది" అన్నాడు.

మిషను ఇనపది. అతనొక పక్క, భార్య ఒక పక్క పట్టుకుని మెట్లెక్కించారు. గురక పెడుతున్న గుమ్మం ముందు ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. బట్టలావిడ సంచీ, గంపా పట్టుకుని ముందు నడిచింది. పైన టేకు తలుపుకి చెవి పెట్టి తిప్పింది. ఒక్క తిప్పుకే తిరిగింది. మిషను లోపల పెట్టించుకుని, వీళ్లు బయటికి రాగానే తలుపు వేసుకుంది. గడియ పడ్డ చప్పుడు దిటవుగా వినిపించింది. థాంక్సు చెప్పలేదు.

మెట్లు దిగుతుంటే తాళాలాయనకి ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. పెద్ద పుణ్యం చేసినట్టే అనిపించింది. ఆవిడకి పైన సోఫాలు, తన తల్లికి కింద నేల. నష్టపోయేది ఆ పిసినారి ఒక్కడే. పాము చావకుండా కర్ర విరక్కుండా పని జరిగిపోయిందని లోపల్లోపల నవ్వుకున్నాడు కూడా.

*

సాయంత్రం పై అంతస్తులో మిషను చప్పుడు మొదలైంది. టకటకమని రెండు గుక్కలు, ఓ విరామం, మళ్లీ టకటక.

టేకు తలుపాయన లుంగీ ఎగ్గట్టుకుని మెట్ల మీద పైకీ కిందకీ పరిగెత్తాడు. తలుపు బాదాడు. బాదాడంటే అరచేత్తో, చెక్కడం దెబ్బతినకుండా. తన దగ్గరున్న రెండో చెవి పెట్టి తిప్పితే తాళం తెరుచుకుంది గాని తలుపు కదల్లేదు. తాళాలాయనని పిలిచాడు.

"తెరువు."

"తాళం తెరిచే ఉందండీ. లోపల గడియ పెట్టుంది."

"అదే తియ్యమంటున్నా. ఏదైనా తీస్తావు కదా నువ్వు."

"గడియకి చెవి ఉండదండీ. లోపలున్న మనిషే తియ్యాలి. లేదంటే తలుపు బద్దలుకొట్టాలి."

టేకు తలుపాయన తలుపు వైపు చూశాడు. నెలనెలా తాగించిన నూనెకి అది నిగనిగలాడుతోంది. ఆయన చెయ్యి దాని మీదకి వెళ్లి నిమిరి వెనక్కి వచ్చింది.

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి." ఈ మాటన్నది లోపలినుంచి ఆవిడే. మిషను ఆగింది. "అద్దె పుచ్చుకుని, మనిషి ఊళ్లో లేనప్పుడు సామాను మెట్ల కింద పడేశానని మీరే చెప్పండి వాళ్లకి. నేను బయటికొచ్చి చెబుతాను మిగతాది."

ఎదురింటి డాబా మీద బట్టలు తీస్తున్నావిడ, తీసిన బట్టలనే మళ్లీ ఆరేసుకుంటూ నిలబడింది. ఆ పక్కింట్లోంచి ఇంకిద్దరు చూస్తున్నారు. టేకు తలుపాయన గొంతు తగ్గించాడు. మేడగలవాళ్లకి పరువు కిటికీ అద్దంలాంటిది, ఎదురింటివాళ్లు చూస్తేనే ఉన్నట్టు.

"ఏం కావాలమ్మా నీకు?"

"నా ఇల్లు."

తాళాలాయన ఆత్రంగా తలుపు దగ్గరికి జరిగాడు. "కింద కన్నా ఇదే బాగుంది కదమ్మా. గాలీ వెలుతురూ. ఇక్కడే ఉంటానని అడుగు."

"నా గిరాకీ కిటికీ దగ్గరికి వస్తుంది. మేడలెక్కదు" అందావిడ. "ఆ సోఫాలెవరిక్కావాలి. నాది నాకు కావాలి. కొత్త తాళం వేయించి, చెవులన్నీ నాకు పంపించాలి. అప్పుడు తీస్తాను గడియ."

మిషను మళ్లీ మొదలైంది. టేకు తలుపాయన మెట్టు మీద కూచుని కాసేపు లెక్కలేసుకున్నాడు. తర్వాత తలెత్తి తాళాలాయన వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. దారిలో అడ్డంగా పెట్టిన బల్లని చూసినట్టు చూశాడు.

"ఏమయ్యా, సామాను విప్పేశారా?"

"అన్నీ విప్పలేదండీ. నిన్ననే కదా వచ్చాం."

"మరింకేం. కట్టుకునే పని కూడా తప్పింది."

"మా అమ్మ మెట్లెక్కలేదండీ."

"ఎక్కమని ఎవరన్నారు? బయటికి పోడానికి మెట్లు లేవుగా."

తాళాలాయన పదేళ్ల నుంచి ఎన్నో గుమ్మాల దగ్గర ఇలాంటి మాటలు విన్నాడు. స్క్రూ తిప్పుతూ, వంచిన తల ఎత్తకుండా. తనతో ఎవరూ అనలేదు కాబట్టి అవి మాటల్లా వినబడలేదు.

కొత్త తాళానికి డబ్బు ఆ పిసినారి జేబులోంచే వచ్చింది. తాళాలాయన కింది తలుపు ముందు గొంతుక్కూచున్నాడు. పొడుగాటి స్క్రూ తీశాడు. చెవి సగం తిప్పి పట్టుకునే ముందు, ఎప్పుడూ లేనిది, లోపల ఎవరున్నారని తలెత్తి చూశాడు. వాళ్లమ్మ ఉంది. మంచం అంచున కూచుని, కాళ్లకి చెప్పులు ఎక్కించుకోవడానికి చూస్తోంది. వేళ్లు అందడం లేదు.

"పోదాం పదరా" అంది. "సాధించావులే."

భార్య చెవుల పొట్లం విప్పకుండా పైకి తీసుకెళ్లింది. "అక్కా, అన్నీ ఇందులోనే ఉన్నాయి. నేను దగ్గరుండి చూశాను" అనడం కిందకి వినిపించింది. గడియ తీసిన చప్పుడైంది. మళ్లీ మిషను, ఈసారి కిందకి, ఆ ఇద్దరు ఆడవాళ్లే దించారు. తాళాలాయన సాయం పట్టబోతే పెళ్లాం మోచేత్తో తప్పించింది.

మూటలు మెట్ల కింద చేరాయి, మధ్యాహ్నందాకా మిషను ఉన్నచోట. బండివాడు రావడానికి ఇంకా ఆలస్యమవుతుందన్నాడు. పాత ఇంటికే పోవాలి, కూలగొట్టే లోపు దొరికినన్ని రోజులు. ముసలావిడని ఓ మూట మీద కూచోబెట్టారు. అది మెత్తగా కుంగిపోయి, ఆవిడ మోకాళ్లు గడ్డం దగ్గరికి వచ్చాయి.

బట్టలావిడ తన తలుపులో కొత్త చెవి పెట్టి తిప్పి చూసుకుంది. తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. ఇంకా అక్కడే ఉన్న ముసలావిడ మంచాన్ని పక్కకి జరిపి, మిషను కాళ్లని తుప్పు మరకల మీద సరిగ్గా ఆనించుకుంది. తర్వాత గుమ్మంలోకి వచ్చి మెట్ల కింద చూసింది.

"పెద్దమ్మా, అక్కడెందుకు, లోపలికి రా. బండి వచ్చేదాకా నీ మంచం మీదే నడుం వాల్చు" అంది. చెయ్యి పట్టుకుని లేవదీసి, నడిపించి తీసుకెళ్లింది. "నువ్వు కూడా రా చెల్లీ. మధ్యాహ్నం నుంచీ నిలబడే ఉన్నావు."

తాళాలాయన కూడా పనిపెట్టె పట్టుకుని వాళ్ల వెనకే గుమ్మం దాకా వెళ్లాడు. బట్టలావిడ తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నువ్వు బయటే ఉండు" అంది.

తలుపు మూసింది. లోపల గడియ పడింది. కాసేపటికి గిన్నెల చప్పుడూ, ముసలావిడ ఏదో అడగడమూ, ఎవరో నవ్వడమూ వినిపించాయి. తాళాలాయన పనిపెట్టె కింద పెట్టి, దాని మీద కూచుని, వీధి చివర బండికోసం చూస్తున్నాడు.